సంతలో ఎవరి భాష మాట్లాడాలి? ఎస్పెరాంటో ఉద్యమం గురించి

(ఒడిశా, గజపతి జిల్లా పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం నాడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఎత్తిరాసినది. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

పెద్దలకు, అమ్మలకు, వెనక బెంచీల్లో ఉన్న పిల్లలకు నమస్కారం.

గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు సభలో ఈ ఎస్పెరాంటో సంగతేమిటని ఇందాక టీలు తాగుతున్నప్పుడు ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ముందే చెప్పేస్తాను. పంతులు గారు పుట్టింది 1863లో. ఎస్పెరాంటో అంటే అన్ని దేశాల వాళ్ళూ మాట్లాడుకోవడానికి కొత్తగా కట్టిన భాష. దాన్ని తయారుచేసిన జామెన్‌హాఫ్ పుట్టింది 1859లో. ఒకాయన మన పర్లాకిమిడిలో బడిపంతులు. ఇంకొకాయన పోలండులోని వార్సాలో పేదల పేటలో కళ్ళ డాక్టరు. జీవితమంతా ఇద్దర్నీ పట్టుకుని వదలని ప్రశ్న మాత్రం ఒక్కటే. రెండు భాషల మనుషులు ఎదురుపడినప్పుడు, అవతలివాడి భాష నేర్చుకునే బరువు ఎవరు మొయ్యాలి?

మన సంత సంగతే చూడండి. కొండ దిగి చింతపండు, పసుపు, అడ్డాకులు తెచ్చే సవరామె మన తెలుగు షావుకారితో తెలుగులో బేరమాడుతుంది. పక్కనున్న ఒడియా ఆయనతో ఒడియాలో మాట్లాడుతుంది. పక్కన కూర్చున్న కూతురితో సవరలో ఏదో చెప్పి నవ్వుతుంది. బడి గడప తొక్కని మనిషికి మూడు భాషలు వచ్చు. అవి కూడా అక్కాచెల్లెళ్ళ లాంటి భాషలు కావు. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్య భాష, సవర ముండా భాష. మూడూ మూడు కుటుంబాలు. డిగ్రీలు చదివిన మనకి సవరలో పట్టుమని పది మాటలు రావు. అబ్బ, ఎంత తెలివైందో అంటాం ఆమెని. తెలివైనదే, కాదనను. కానీ ఆమె నేర్చుకోకపోతే ఆమె సరుకు అమ్ముడుపోదు. మనం నేర్చుకోకపోయినా మనకి చింతపండు దొరుకుతుంది. బరువు ఎప్పుడూ బలం లేనివాళ్ళ మీదే పడుతుంది. జామెన్‌హాఫ్‌కి చిన్నప్పుడే అర్థమైన విషయం ఇది.

ఆయన పుట్టిన ఊరు బియావిస్తోక్. ఇప్పుడు పోలండులో ఉంది, అప్పుడు రష్యా జారు ఏలుబడిలో ఉండేది. ఆ ఊళ్ళో రష్యన్లు, పోలిష్ వాళ్ళు, జర్మన్లు, యూదులు ఉండేవారు. నాలుగు రకాల మనుషులు, నాలుగు భాషలు. ఒకరంటే ఒకరికి పడదు. జామెన్‌హాఫ్ యూదుడు. తర్వాత కాలంలో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆయన ఈ సంగతంతా చెప్పుకున్నాడు. మనుషులందరూ అన్నదమ్ములని ఇంట్లో నేర్పారు, వీధిలోకి వస్తే మనుషులే కనపడలేదు, రష్యన్లు, పోలిష్ వాళ్ళు, జర్మన్లు, యూదులు మాత్రమే కనపడ్డారు అని బాధపడ్డాడు. సరిహద్దు ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మన ఊరు ఇటు వచ్చినప్పుడు, పంతులు గారు అది భరించలేక ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఈ గీతలు మనుషుల్ని ఎక్కడ కోస్తాయో మన పెద్దవాళ్ళు చూశారు.

సరే, ఆ కుర్రాడు ఏం చేశాడు? హైస్కూల్లో ఉండగానే అందరికీ పనికొచ్చే ఒక కొత్త భాష కట్టాలని కూర్చున్నాడు. ముందు వ్యాకరణం ఎంత తేలిక చేసినా, మాటల మూట చూస్తే భయమేసింది. ఇంత పెద్ద నిఘంటువు ఎవడు బట్టీ పడతాడు? అప్పుడు వీధిలో ఒక బోర్డు కనిపించింది. రోజూ చూసే బోర్డే. ‘ష్వెయిత్సార్‌స్కాయా’ అని, రష్యన్‌లో గేటు కాపలావాడి గది. ఇంకో చోట ‘కొందీతెర్‌స్కాయా’, మిఠాయి కొట్టు. రెండింటి చివరా అదే ‘స్కాయా’. ఒక్క తోక ఉంటే ఎన్నో మాటలు పుట్టించొచ్చు కదా అని అక్కడ తట్టింది ఆయనకి. నిఘంటువు ఒక్కసారిగా చిక్కిపోయింది.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక్కటి చూపిస్తాను, తెలుగువాళ్ళకి ఇట్టే పట్టుబడుతుంది. ఎస్పెరాంటోలో ‘సాన’ అంటే ఆరోగ్యంగా ఉన్న అని. ముందు ‘మల్’ తగిలిస్తే అర్థం తిరగబడుతుంది. ‘మల్‌సాన’ అంటే జబ్బుపడిన. దానికి మనిషిని చెప్పే ‘ఉల్’ అతికించండి, ‘మల్‌సానూలో’ అంటే రోగి. చోటును చెప్పే ‘ఎయ్’ అతికించండి, ‘మల్‌సానులేయో’ అంటే ఆసుపత్రి. పేరు మాటలన్నీ ‘ఓ’తో ముగుస్తాయి, విశేషణాలన్నీ ‘అ’తో. అతుకులు వేసుకుంటూ పోవడం మనకి కొత్త కాదు, ‘రానివ్వకపోయేవాళ్ళు’ అని ఒకే ఊపిరిలో అనేవాళ్ళం మనం. కొత్తేమిటంటే, ఇక్కడ ఒక్క మినహాయింపు కూడా లేదు. నేర్చుకున్న సూత్రం రేపు మోసం చెయ్యదు.

1878 డిసెంబరులో, పంతొమ్మిదేళ్ళ వయసులో, తోటి విద్యార్థుల్ని ఇంటికి పిలిచి కొత్త భాష పండగ చేసుకున్నాడు. ఆ భాషలోనే ఒక పాట కూడా పాడారు. తర్వాత డాక్టరు చదువుకి మాస్కో పంపారు. అక్కడ ఉండగా, ఇంట్లో వదిలిన కాగితాలన్నీ తండ్రి కాల్చేశాడని చెబుతారు. తండ్రి కూడా భాషలు నేర్పే పంతులే. కొడుకు పిచ్చిపనులు మాని డాక్టరు కావాలని ఆయన తాపత్రయం. ఈ తండ్రులు అన్ని దేశాల్లోనూ ఉంటారు. కుర్రాడు మళ్ళీ మొదట్నుంచీ రాశాడు.

1887 జులైలో వార్సాలో రష్యన్ భాషలో చిన్న పుస్తకం వచ్చింది. అచ్చుకి డబ్బిచ్చింది పిల్లనిచ్చిన మామ. పదహారు సూత్రాలు, తొమ్మిది వందల పైచిలుకు మూలపదాలు, కొన్ని కవితలు. రాసినవాడి పేరు దగ్గర ‘డాక్టర్ ఎస్పెరాంటో’ అని మారుపేరు పెట్టుకున్నాడు, ఆశపడేవాడు అని అర్థం. ఆ పేరే భాషకి అంటుకుపోయింది. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చేవి రెండు. మొదటిది, వెనక కత్తిరించి పంపే చీటీలు. ‘కోటి మంది ఇలాగే మాటిస్తే నేనూ ఈ భాష నేర్చుకుంటాను’ అని సంతకం చేసి పంపాలి. ఎంత జాగ్రత్తైన ఆలోచనో చూడండి. నేనొక్కణ్ణే నేర్చుకుంటే నష్టం, అందరూ నేర్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. కోటి చీటీలు రాలేదు. కానీ చాలామంది కోటి దాకా ఆగకుండా ముందే నేర్చుకుని ఉత్తరాలు రాశారు. 1889లో అలా నేర్చుకున్న మొదటి వెయ్యి మంది పేర్లు, చిరునామాలతో ఆయన పుస్తకం అచ్చువేశాడు. ఉద్యమం అంటే అప్పుడు అదే, ఒక చిరునామాల పుస్తకం.

రెండోది ఇంకా పెద్దది. ఈ భాష మీద నాకు ఏ హక్కూ వద్దు, ఇది సమాజం సొత్తు అని అక్కడే రాసేశాడు. దీని విలువ తెలియాలంటే పక్కనే నడిచిన ఇంకో కథ తెలియాలి. జర్మనీలో ష్లేయర్ అనే క్యాథలిక్ ఫాదరీ 1880 ప్రాంతంలో వోలాప్యూక్ అనే భాష తెచ్చారు. ఎస్పెరాంటో కంటే ముందే యూరప్ అంతటా క్లబ్బులు, పత్రికలు, మహాసభలు వచ్చేశాయి. అయితే అందులో ఏది మార్చాలన్నా తన అనుమతి కావాలన్నారు ఆయన. వాడేవాళ్ళు సులువు చెయ్యమన్నారు, ఈయన ఒప్పుకోలేదు. 1889లో పారిస్ మహాసభ తర్వాత చీలికలొచ్చి కొద్ది ఏళ్ళలో అంతా చెల్లాచెదురైంది. యజమాని గట్టిగా పట్టుకున్న భాష చేతిలోనే చచ్చిపోయింది. జామెన్‌హాఫ్ మాత్రం 1894లో తన భాషలో మార్పులు చెయ్యాలా వద్దా అని పాఠకుల్నే ఓటు అడిగాడు. ఆయనే కొన్ని మార్పులు ప్రతిపాదించాడు. ఎక్కువమంది వద్దన్నారు. సరే అని ఊరుకున్నాడు. భాష తయారుచేసినవాడి మాట కాదని, వాడేవాళ్ళ మాట నెగ్గింది. అందుకే అది బతికిందని నా నమ్మకం.

మన పంతులు గారు వ్యావహారిక భాష కోసం చేసిన యుద్ధం కూడా అదే కదా. తెలుగు ఎవరిది? వ్యాకరణం రాసినవాళ్ళదా, మాట్లాడేవాళ్ళదా?

1905లో ఫ్రాన్సు సముద్రతీరంలో బులోన్ అనే ఊళ్ళో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. 688 మంది వచ్చారు. అప్పటిదాకా కాగితం మీదే ఉన్న భాష గొంతుల్లోకి వచ్చింది. అక్కడ ఒక బాధాకరమైన సంగతి జరిగింది, దాని మీద కాస్త ఆగుతాను. జామెన్‌హాఫ్ సభలో చదవడానికి ఒక ప్రార్థన రాసుకున్నాడు. చివరి చరణంలో క్రైస్తవులు, యూదులు, ముస్లిములు అందరూ ఒకే దేవుడి బిడ్డలని ఉంది. ఫ్రాన్సులోని నాయకులకి భయం పట్టుకుంది. అప్పుడు ఫ్రాన్సులో యూదుల మీద ద్వేషం మండుతోంది. ఈ ఉద్యమం ఒక యూదుడి మత ప్రచారమని జనం అనుకుంటారేమోనని ఆ చరణం తీసెయ్యమన్నారు. ఆయన తీసేశాడు. ఆ మహాసభలోనే ఒక ప్రకటన చేశారు. ఎస్పెరాంటో అంటే తటస్థ భాషని వ్యాప్తి చెయ్యడమే, ఎవరి మాతృభాషనీ తోసెయ్యడం దాని ఉద్దేశం కాదు అని. ఆ ప్రకటన మంచిదే. అయినా ఆ చరణం గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మరుసటి ఏడే, 1906 జూన్‌లో, ఆయన పుట్టిన బియావిస్తోక్‌లో యూదుల ఊచకోత జరిగింది. రెండు నెలల తర్వాత జెనీవా మహాసభలో ఆయన దాని గురించి నోరు విప్పి మాట్లాడాడు. అప్పుడు ఎవరూ ఆపలేకపోయారు.

1907లో సంస్కర్తలు కొందరు విడిపోయి ‘ఈదో’ అని ఇంకో భాష చేసుకున్నారు. చదువుకున్న నాయకులు చాలామంది అటు వెళ్ళారు, మామూలు జనం ఇటే ఉండిపోయారు. 1908లో హెక్టర్ హోడ్లర్ అనే స్విట్జర్లాండ్ కుర్రాడి పూనికతో విశ్వ ఎస్పెరాంటో సంఘం పుట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది. 1914 ఆగస్టులో పారిస్‌లో పెద్ద మహాసభ పెట్టుకున్నారు, సరిగ్గా అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సభ ఆగిపోయింది. 1917 ఏప్రిల్‌లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, జామెన్‌హాఫ్ వార్సాలో కన్నుమూశాడు.

యుద్ధం అయ్యాక నానాజాతి సమితి వచ్చింది. బడుల్లో ఎస్పెరాంటో నేర్పిద్దామని కొన్ని దేశాల ప్రతినిధులు ప్రతిపాదించారు. సమితిలో ఉన్నత పదవిలో ఉన్న జపాన్ ఆయన నితోబే ఇనాజో 1921లో ప్రాగ్ మహాసభకి స్వయంగా వెళ్ళి, చూసి, అనుకూలంగా నివేదిక ఇచ్చారు. అడ్డుకున్నది ఫ్రాన్సు. ప్రపంచ రాయబారాలన్నీ అప్పటిదాకా ఫ్రెంచిలోనే నడిచేవి, అది జారిపోతుందని వాళ్ళ దిగులు. 1922లో ఫ్రెంచి విద్యామంత్రి బడుల్లో ఎస్పెరాంటో నేర్పకూడదని ఉత్తర్వే ఇచ్చాడు. ఇక్కడ ఎవరు అటున్నారో, ఎవరు ఇటున్నారో గమనించండి. పరాయి భాష నేర్చుకుని సమావేశంలో తడబడుతూ మాట్లాడాల్సిన జపాన్ మనిషి కావాలన్నాడు. తన ఇంటి భాషే అందరూ మాట్లాడుతుంటే సుఖంగా కూర్చున్నవాడు వద్దన్నాడు. సంతలో మనం చేస్తున్నదీ అదే.

ఆ తర్వాత వచ్చింది చీకటి కాలం. హిట్లర్‌కి ఇది యూదుల కుట్ర. 1936లో జర్మనీలో ఎస్పెరాంటో సంఘాలన్నీ మూయించారు. జామెన్‌హాఫ్ కొడుకు ఆదామ్, ఆయనా కళ్ళ డాక్టరే, 1940లో నాజీలు కాల్చి చంపారు. కూతుళ్ళు ఇద్దరు. పెద్దామె సోఫియా డాక్టరు, చిన్నామె లిదియా దేశదేశాలు తిరిగి ఎస్పెరాంటో నేర్పింది. ఇద్దర్నీ 1942లో ట్రెబ్లింకా అనే నాజీ మరణశిబిరంలో చంపేశారు. ముగ్గురు పిల్లల్లో ఒక్కరూ మిగల్లేదు. అటు రష్యాలో స్టాలిన్ 1937, 38 ఏళ్ళలో ఎస్పెరాంటో వాళ్ళని గూఢచారులని పట్టించి కాల్పించాడు. ఎందుకయ్యా అంటే, వాళ్ళు విదేశాల వాళ్ళకి ఉత్తరాలు రాసేవారు! బద్ధ శత్రువులైన ఇద్దరు నియంతలు ఏకమైన విషయాలు ఎన్నో లేవు, ఇదొకటి. ప్రభుత్వం మధ్యలో లేకుండా మామూలు మనిషి మామూలు మనిషితో మాట్లాడటం ఇద్దరికీ సహించలేదు.

1954లో ఉరుగ్వే దేశం మోంటెవిడియోలో జరిగిన యునెస్కో మహాసభ ఎస్పెరాంటో చేసిన పనిని గుర్తిస్తూ తీర్మానం చేసింది. 1985లో బల్గేరియాలోని సోఫియా నగరంలో ఇంకొకటి. తీర్మానాల వల్ల బడుల్లోకి రాలేదు, అది వేరే సంగతి. నాకు ఇష్టమైనది 1974లో మొదలైన ఒక చిన్న పుస్తకం. ఎస్పెరాంటో మాట్లాడే ప్రయాణికుడు వస్తే మా ఇంట్లో ఉచితంగా పడుకోవచ్చు అని చిరునామాలు ఇచ్చినవాళ్ళ జాబితా అది. మళ్ళీ చిరునామాల పుస్తకమే చూడండి, 1889లో లాగే. 2015లో భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లోకి వచ్చాక ఫోనులో నేర్చుకునేవాళ్ళు బాగా పెరిగారు. 2024లో మహాసభ మొదటిసారి ఆఫ్రికా గడ్డ మీద, టాంజానియాలోని అరూషాలో జరిగింది.

మన దేశం మాటకొస్తే, శాంతినికేతనం నుంచి లక్ష్మీశ్వర్ సిన్హా అనే బెంగాలీ 1920ల చివర స్వీడన్ వెళ్ళి, అక్కడి ఊళ్ళు తిరిగి ఎస్పెరాంటోలో భారతదేశం గురించి ఉపన్యాసాలిచ్చారు. ఇంగ్లీషు సాయం లేకుండా! ఇంకో పేరు మనకి దగ్గరిది. ప్రబాల్ దాస్‌గుప్తా. ఆయనా బెంగాలీయే, కానీ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి భాషాశాస్త్రం చెప్పారు. 2007 నుంచి 2013 దాకా విశ్వ ఎస్పెరాంటో సంఘానికి అధ్యక్షుడు ఆయనే.

ఇప్పుడు లోపాలు. చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు. తటస్థ భాష అంటున్నాం కదా, మాటలన్నీ ఎక్కడివి? లాటిన్, ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు, కాస్త రష్యన్. ఆసియా మాట దాదాపు లేదు. ఇటలీ పిల్లవాడికి సగం మాటలు పుట్టుకతోనే వచ్చినట్టు, గుణుపురం పిల్లవాడికి అన్నీ కొత్త. పదమూడు పద్నాలుగు దశాబ్దాల కిందట యూరప్‌లో కూర్చున్న మనిషికి ప్రపంచమంటే యూరప్. అతుకుల పద్ధతి మనకి తేలిక కావచ్చు కానీ, మాటల్లో బరువు ఇంకా మన మీదే ఎక్కువ. ఆడవాళ్ళ మాటలు మగవాళ్ళ మాటలకి తోక తగిలించి చేశాడు, దాని మీద వాళ్ళలో వాళ్ళకే ఇప్పటికీ తగాదా. ఇవన్నీ ఉన్నా నేను ఇటే నిలబడతాను. ఇంగ్లీషు నేర్చుకోవడానికి మన పిల్లలు పదిహేనేళ్ళు పెట్టి, ఆ తర్వాత కూడా ఇంగ్లాండు వాడి ముందు నోరు తడారిపోతున్నారు. ఎస్పెరాంటోలో ఇంగ్లాండు వాడూ తప్పులు చేస్తాడు, మనమూ చేస్తాం. ఆ సమానత్వం ఇంకే భాషలోనూ నాకు కనపడలేదు.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: ఎంతమంది మాట్లాడతారు సార్ ఇది?

ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. లక్ష లోపేనని కొందరు, ఇరవై లక్షల దాకా అని ఇంకొందరు. జనాభా లెక్కల్లో ఎవరూ అడగరు కాబట్టి ఇలాగే ఉంటుంది. పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా కొన్ని వందల మంది అయినా ఉన్నారు. తల్లిది ఒక దేశం, తండ్రిది ఒక దేశం, ఇంట్లో ఎస్పెరాంటో. జామెన్‌హాఫ్ అనుకున్న కోటితో చూస్తే తక్కువే. సైన్యం, ప్రభుత్వం, వ్యాపారం ఏదీ వెనక లేకుండా ఇన్నేళ్ళు నిలిచిన కట్టిన భాష ఇంకొకటి లేదు కదా, నేను ఆ వైపు నుంచి చూస్తాను.

ప్రశ్న: కొత్తగా భాష కట్టడం ఎందుకండీ? కోరాపుట్ వైపు సంతల్లో దేశియా ఉంది కదా, దాన్ని ఎవరూ కట్టలేదు. అన్ని తెగలవాళ్ళూ అందులో మాట్లాడుకుంటారు.

మంచి మాట అన్నారు బాబూ. దేశియా జనం వాడుకలో తయారైన ఉమ్మడి భాష. చూసి నేర్చుకోవాల్సిందే. కానీ అది ఒడియా ఒంట్లో పుట్టింది. ఒడియా వాడికి దగ్గర, పరజా వాడికి, గదబ వాడికి దూరం. మళ్ళీ ఒకరు ఎక్కువ నడవాలి, ఇంకొకరు తక్కువ. జామెన్‌హాఫ్ సరిచెయ్యాలనుకున్నది ఆ తేడానే. పూర్తిగా సరిచెయ్యలేదు, ఇందాక చెప్పాను.

ప్రశ్న: మా అమ్మాయి నేర్చుకుంటే ఉద్యోగం ఏమైనా వస్తుందా అండీ?

రాదమ్మా. నేనలా చెప్పి మీ దగ్గర చప్పట్లు కొట్టించుకోను. ఉద్యోగానికి ఒడియా, ఇంగ్లీషు బాగా రానివ్వండి. ఇంట్లో తెలుగు చదవడం, రాయడం పోకుండా చూడండి, ఇక్కడ అదే ముందు పోతోంది. ఎస్పెరాంటో అయితే కొన్ని నెలల్లో బ్రెజిల్‌లోనో జపాన్‌లోనో ఒక స్నేహితురాలు దొరుకుతుంది. అమ్మాయికి ఆ సరదా ఉంటే ఆపకండి.

ప్రశ్న (ఒక కాలేజీ విద్యార్థి): సార్, నాకు ఒక్క భాషకే టైముంది. ఎస్పెరాంటో నేర్చుకోనా, సవర నేర్చుకోనా?

సవర. నువ్వుండేది పర్లాకిమిడిలో. పంతులు గారు సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండలెక్కి తిరిగారు, సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆ మన్యం జ్వరాలకి వేసుకున్న క్వినైన్ వల్లే వినికిడి పోయిందంటారు. ఆయన రాసిన సవర భాషా పుస్తకం 1931లో అచ్చయింది. అయితే పుస్తకం ముందేసుకుని మొదలుపెట్టకు. సవరలో గొంతులో పట్టి ఆపే శబ్దాలుంటాయి, అవి చెవితో వినకపోతే నోటికి రావు. 1936లో మంగయి గొమాంగో వాళ్ళ భాషకి సొంత లిపి కూడా చేశారు, సోరంగ్ సోంపెంగ్ అంటారు. మీ క్లాసులో సవర పిల్లలు ఉంటారుగా? వాళ్ళలో ఆ లిపి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారేమో ముందు కనుక్కో. లేకపోయినా ఫరవాలేదు. నీళ్ళు, అన్నం, కూర్చో, ఎక్కడికి వెళ్తున్నావు, ఈ నాలుగూ ఎలా అంటారో వాళ్ళనే అడుగు, వాళ్ళు నవ్వినా సరే గట్టిగా పలుకు.